జీతంలో కట్ చేసిన టీడీఎస్ కంపెనీ కట్టలేదు, డిమాండ్ నోటీసు నాకొచ్చింది: నా అనుభవం

మా పాత ఆఫీసు వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి నీకెట్లా తేలింది, ఎక్కడికి పోయావ్, ఏం పేపర్లు ఇచ్చావ్ అని అడుగుతున్నారు, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఒకచోట రాస్తున్నా. బెంగళూరులో మనవాళ్ళు ప్రైవేటు ఉద్యోగాల్లో ఎంతమంది ఉన్నారో తెలుసు కదా, మారతహళ్ళి, బెళ్ళందూరు, కేఆర్ పురం ఎటు పోయినా తెలుగే వినిపిస్తుంది, కాబట్టి ఇది చదివేవాళ్ళలో ఒక్కరికైనా పనికొస్తుంది. కంపెనీ పేరు రాయట్లేదు, విషయం ఇంకా నడుస్తోంది.

చిన్న కంపెనీ ఏం కాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద పెద్ద అద్దాల బిల్డింగు, పేపర్లో ఫుల్ పేజీ యాడ్లు, వేలమంది స్టాఫ్. 2023 దసరా అప్పట్నుంచి జీతాలు లేట్ అవ్వడం మొదలైంది, ఒకటో తారీకు పడేవి పదో తారీకు, ఆ తర్వాత ఇరవయ్యో తారీకు పడేవి. కానీ పేస్లిప్ మాత్రం టంచనుగా వచ్చేది. అందులో డిడక్షన్స్ కింద పీఎఫ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200, దాని కింద ఇన్‌కమ్ ట్యాక్స్ 20,050 అని ప్రతి నెలా ఉండేది. అంత కట్ అయ్యాకే నా అకౌంట్లో డబ్బులు పడేవి. ఆ 20 వేలు నా చేతికి ఎప్పుడూ రాలేదు, ఇది గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ దీని మీదే నడుస్తుంది.

రూల్ ఏంటంటే, ఒక నెల జీతంలో కట్ చేసిన టీడీఎస్‌ని, అంటే జీతం చేతికి రాకముందే పట్టుకున్న ఇన్‌కమ్ ట్యాక్స్‌ని, కంపెనీ తర్వాతి నెల 7వ తారీకు లోపల గవర్నమెంటు ఖాతాలో కట్టాలి, మార్చి నెలది మాత్రం ఏప్రిల్ 30 దాకా టైం ఉంటుంది. మూడు నెలలకోసారి ఎవరెవరి పాన్ మీద ఎంత కట్ చేశామో ఫారం 24క్యూ అనే స్టేట్‌మెంట్ వేయాలి. అది వేశాకే మన ఫారం 26ఏఎస్‌లో, అంటే మన పాన్ మీద గవర్నమెంటుకి చేరిన పన్ను లెక్కలో, కనిపిస్తుంది. కంపెనీ కట్ చేసింది అనేది ఒకటి, కంపెనీ కట్టింది అనేది వేరొకటి, ఈ రెంటికీ మధ్య ఏం జరుగుతోందో మనకి తెలిసే దారి 26ఏఎస్. మన ఆఫీసుల్లో ఎంతమంది దాన్ని తెరిచి చూస్తారు చెప్పండి, జూలై వస్తే సీఏకి పాస్‌వర్డ్ ఇచ్చేస్తాం, ఆయన చూస్తాడు.

2024 జూన్‌లో ఫారం 16, అంటే ఆ ఏడాది జీతమెంత, పన్ను ఎంత కట్ చేశారో కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్, వచ్చింది. జూన్ 15 లోపల ఇవ్వాలి, ఇచ్చారు కూడా, కానీ జీతం లెక్క ఉండే పార్ట్ బీ ఒక్కటే ఇచ్చారు, అది కూడా ఎక్సెల్‌లో చేసి పీడీఎఫ్ చేసినట్టు ఉంది. పార్ట్ ఏ లేదు. అసలు పార్ట్ ఏ అనేది కంపెనీ సొంతంగా తయారు చేసేది కాదు, ట్రేసెస్ అని ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ టీడీఎస్ సైటు నుంచి డౌన్‌లోడ్ చేయాలి, దాని మీద ట్రేసెస్ గుర్తు, సర్టిఫికెట్ నంబరు ఉంటాయి, ఏ క్వార్టర్‌లో ఎంత కట్టారో అందులో ఉంటుంది. డబ్బులు కట్టకపోతే ఆ కాగితంలో ఆ లెక్క రాదు. మీ ఫారం 16లో పార్ట్ ఏ లేకపోతే అక్కడే ఆగిపోయి గట్టిగా అడగండి, దయచేసి.

అప్పుడు 26ఏఎస్ తెరిచా. పైన కంపెనీ పేరు, పక్కన బీఎల్ఆర్‌తో మొదలయ్యే టాన్ నంబరు (టీడీఎస్ కట్ చేసే కంపెనీలకి ఇచ్చే నంబరు), కింద వరసగా ఏప్రిల్, మే, జూన్, ప్రతి దానికీ డేటు, ఎదురుగా స్టేటస్ కాలమ్‌లో ఎఫ్ అని, అంటే ఫైనల్, డబ్బులు గవర్నమెంటుకి చేరాయి అని అర్థం. జూలై, ఆగస్టు, సెప్టెంబరు కూడా అట్లాగే ఎఫ్. ఆ తర్వాత ఏమీ లేదు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఒక్క లైను కూడా లేదు. పేస్లిప్‌లు పక్కన పెట్టుకుని చూస్తే ఆరు నెలలకి 1,20,300 రూపాయలు గాల్లో కలిసిపోయినట్టే.

హెచ్ఆర్‌లో మన తెలుగమ్మాయి ఒకావిడ ఉంది, గుంటూరు వైపు అమ్మాయి, మంచిదే. అడిగితే "ఫైనాన్స్ వాళ్ళు చూస్తున్నారక్కా, రివైజ్డ్ రిటర్న్ వేస్తారంట, మీ 26ఏఎస్‌లో వచ్చేస్తుంది, టెన్షన్ పడకండి" అంది. నెల తర్వాత అడిగినా అదే మాట. పాపం ఆ అమ్మాయి జీతంలో కూడా అట్లాగే కట్ చేశారని తర్వాత తెలిసింది, పైవాళ్ళు ఏం చెప్తే అదే మాకు చెప్పేది. ఫైనాన్స్ హెడ్‌కి మెయిల్ పెడితే రిప్లై లేదు. ఆ టైంలోనే కంపెనీ ఏదో పెద్ద ఈవెంట్ చేసింది, ఊరంతా హోర్డింగులు పెట్టారు, వాటికి డబ్బులున్నాయి, మా దగ్గర కట్ చేసింది కట్టడానికి లేవు. అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు నాకు.

జూలైలో రిటర్న్ వేయాలి కదా, మా సీఏ గారు "26ఏఎస్‌లో ఉన్నంతే క్లెయిమ్ చేద్దామమ్మా, మిగతాది కట్టేయండి, డిపార్ట్‌మెంటుతో ఎందుకు గొడవ, తర్వాత కంపెనీ దగ్గర వసూలు చేసుకోవచ్చు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒకసారి కట్టిన పన్నుని ఇంకోసారి ఎందుకు కడతాను, అట్లా కట్టేశామంటే కంపెనీ చేసింది మనమే కప్పిపెట్టినట్టు అవుతుంది. పూర్తి జీతం చూపించి, పేస్లిప్‌ల ప్రకారం మొత్తం టీడీఎస్ 2,40,600 క్లెయిమ్ చేసి వేయమన్నా. సబ్మిట్ చేసేటప్పుడు 26ఏఎస్‌తో కలవట్లేదు అని వార్నింగ్ వస్తుంది, అయినా ముందుకి పోవచ్చు.

డిసెంబరులో మెయిల్ వచ్చింది, సెక్షన్ 143(1) ఇంటిమేషన్, అంటే మన రిటర్న్ లెక్క చూసి డిపార్ట్‌మెంటు పంపే కాగితం. ఆ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, దాని వెనక పుట్టిన తేదీ. తెరిస్తే రెండు కాలమ్‌లు ఉంటాయి, ఎడమ వైపు మనం చెప్పింది, కుడి వైపు వాళ్ళు లెక్కేసింది. జీతం రెండు వైపులా ఒకటే. టీడీఎస్ దగ్గర ఎడమ వైపు 2,40,600, కుడి వైపు 1,20,300. ఆ తేడాతో పాటు అడ్వాన్స్ ట్యాక్స్ కట్టలేదని 234బీ, 234సీ కింద వడ్డీ కూడా వేశారు, అంతా కలిపి లక్షా 37 వేలు. 30 రోజుల్లో కట్టాలి, ఆ తర్వాత నెలకి 1 శాతం వడ్డీ. దేశం మొత్తం రిటర్న్‌లు ప్రాసెస్ అయ్యే సెంటర్ మన ఎలక్ట్రానిక్ సిటీలోనే ఉంది, అక్కడ అంతా కంప్యూటర్ పని, 26ఏఎస్‌లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నా పేస్లిప్ ఆ కంప్యూటర్‌కి కనపడదు. బస్సులో కండక్టరు డబ్బులు తీసుకుని టికెట్ కొట్టకపోతే చెకింగ్ వాళ్ళు వచ్చి ప్రయాణికుడికి ఫైన్ వేసినట్టు ఉంది నా పరిస్థితి.

ఇప్పుడు అసలు విషయం, అందరికీ తెలియాల్సింది. ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 1961లో సెక్షన్ 205 అని ఉంది. జీతంలోంచి టీడీఎస్ కట్ అయిపోతే, ఆ కట్ అయిన మేరకు ఆ మనిషిని మళ్ళీ పన్ను కట్టమని అడగకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. కంపెనీ కట్టిందా లేదా అనేది గవర్నమెంటుకీ కంపెనీకీ మధ్య సంగతి. ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంటు పైన ఉండే బోర్డు సీబీడీటీ కూడా 2015 జూన్ 1న ఆఫీసర్లకి లెటర్ రాసింది, ఇట్లాంటి డిమాండ్‌ని బలవంతంగా వసూలు చేయొద్దని, 2016 మార్చి 11న మళ్ళీ ఇంకో మెమోరాండం ఇచ్చింది. బాంబే హైకోర్టు 2007లోనే ఇదే మాట చెప్పింది. కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది కాబట్టి ఇక మీద సెక్షన్ నంబర్లు, ఫారం నంబర్లు మారతాయి, నాది పాత సంవత్సరం కాబట్టి పాత నంబర్లే.

ఇది కొత్తగా జరుగుతున్నదేం కాదు. ఈ ఊరి కంపెనీయే కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్, ఉద్యోగుల జీతాల్లో కట్ చేసిన టీడీఎస్ కట్టకపోతే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు 2012లో దాని బ్యాంకు అకౌంట్లు ఫ్రీజ్ చేశారు, అదే ఏడాది అక్టోబరులో విమానాలు ఆగిపోయాయి. అక్కడ పనిచేసినవాళ్ళకి డిమాండ్లు ఎన్నేళ్ళు వెంటపడ్డాయంటే, ఢిల్లీ హైకోర్టు 2023లో కూడా ఒక ఉద్యోగి కేసులో ఈ సెక్షన్ 205 మీదే తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. కంపెనీ మూతపడి పదేళ్ళు దాటినా ఉద్యోగి కోర్టు చుట్టూ తిరగాలా అని చదివినప్పుడు కడుపు మండిపోయింది.

సరే, నేను ఏం చేశానో చెప్తా. మొదట ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో పెండింగ్ యాక్షన్స్‌లోకి పోయి రెస్పాన్స్ టు ఔట్‌స్టాండింగ్ డిమాండ్ దగ్గర డిసగ్రీ అని పెట్టి, పేస్లిప్‌లు అటాచ్ చేశా. ఇది తప్పకుండా చేయాలి, గమ్మునుంటే ఒప్పుకున్నట్టు అవుతుంది. తర్వాత ఆన్‌లైన్‌లో రెక్టిఫికేషన్, అంటే తప్పు సరిచేయమని అప్లికేషన్, వేశా, దాని వల్ల ఉపయోగం లేదు, మళ్ళీ అదే కంప్యూటర్ అదే 26ఏఎస్ చూసి అదే లెక్క పంపిస్తుంది. ఇది మనిషి కూర్చుని కాగితాలు చూడాల్సిన పని, అంటే మన ఫైలు చూసే అసెసింగ్ ఆఫీసరు (ఏఓ) దగ్గరికే పోవాలి. పోర్టల్‌లో నో యువర్ ఏఓ అని ఉంటుంది, పాన్ కొడితే మన వార్డు ఏదో, ఆఫీసు ఎక్కడో వస్తుంది, లాగిన్ కూడా అక్కర్లేదు.

వార్డు ఆఫీసుకి పోవాలంటే భయపడ్డా, నిజం చెప్పాలంటే మన ఇళ్ళల్లో ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసు అంటే రెయిడ్లే గుర్తొస్తాయి. లోపల కాగితాలు తీసుకునే ఇన్వర్డ్ కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు, నా వచ్చీరాని కన్నడ రెండు మాటలు వినగానే "యాడనుంచమ్మా, తెలుగేనా?" అన్నారు. మదనపల్లె సార్ అన్నా. ఆయనది బాగేపల్లి అంట. కూర్చోబెట్టి నా ఫైలు మొత్తం తిరగేసి, "పేస్లిప్పులు ఉంటే చాలదమ్మా, బ్యాంక్ స్టేట్‌మెంట్ ఏదీ? పేస్లిప్పు ఎవరైనా టైప్ కొట్టుకోవచ్చు, నెట్ పే ఎంతుందో అంతే బ్యాంకులో పడింది అని చూపిస్తేనే కట్ చేసినారని రుజువు" అన్నారు. ఈ ముక్క మా సీఏ కూడా చెప్పలేదు. ఇంటికొచ్చి ఆరు నెలల పేస్లిప్‌లు, ప్రతి దాని పక్కన ఆ నెల బ్యాంక్ ఎంట్రీ పసుపు మార్కర్‌తో గీసి, నెలలవారీగా ఒక టేబుల్ చేశా: గ్రాస్, పీఎఫ్, పీటీ, టీడీఎస్, నెట్, బ్యాంకులో పడిన తేదీ. రూపాయి తేడా లేకుండా కలిసింది. దాంతో పాటు ఆఫర్ లెటరు, హెచ్ఆర్‌కి పెట్టిన మెయిల్స్, సెక్షన్ 205 ప్రస్తావిస్తూ లెటరు, సీబీడీటీ లెటరు, మెమోరాండం ప్రింట్లు. తర్వాత ఇండెమ్నిటీ బాండ్ కూడా అడిగారు, అంటే రేపు కంపెనీ కడితే నేను రెండుసార్లు క్రెడిట్ తీసుకోను అని రాసివ్వడం, ఈ-స్టాంప్ పేపర్ మీద నోటరీ చేయించి ఇచ్చా. ఏది ఇచ్చినా డూప్లికేట్ మీద ఇన్వర్డ్ సీలు, తేదీ వేయించుకోండి, ఆ సీలే మనకి ఆధారం.

ఆఫీసరు మేడమ్ మొదట "మా సిస్టమ్‌లో క్రెడిట్ లేదు కదా, నేనేం చేయను" అన్నారు, తిట్టలేదు గానీ ముందుకి కదల్లేదు. ఆ మధ్యలో తర్వాతి ఏడాది నాకు రావాల్సిన రిఫండ్‌ని కూడా ఈ డిమాండ్‌కి అడ్జస్ట్ చేస్తాం అని సెక్షన్ 245 కింద మెసేజ్ వచ్చింది. దానికీ డిసగ్రీ పెట్టి, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ ఫిర్యాదుల చోటు ఈ-నివారణ్‌లో ఒకటి, కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఒకటి గ్రీవెన్స్ వేశా, అందులో ఇన్వర్డ్ సీలున్న కాపీలు జతచేశా. సీపీగ్రామ్స్ వేశాక ఫైలు కదిలింది. గ్రీవెన్స్‌లో ఏడుపు రాయకండి, పాన్, అసెస్‌మెంట్ ఇయర్, డిమాండ్ నంబరు, ఎంత, ఏ సెక్షను, ఏ తేదీన ఏం ఇచ్చారు అంతే రాయండి.

ఇంకో పక్క కంపెనీ మీద కంప్లైంట్. టీడీఎస్ వ్యవహారాలు చూసే వింగ్ వేరే ఉంటుంది, కంపెనీ టాన్ నంబరుతో అక్కడ రాసిచ్చాం. కట్ చేసి కట్టకపోతే నెలకి 1.5 శాతం వడ్డీ పడుతుంది, సెక్షన్ 276బీ కింద జైలు కూడా ఉంది. మా వాట్సాప్ గ్రూపులో ముందు ఎవరూ సంతకం పెట్టడానికి రాలేదు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఆపేస్తారని, ఫుల్ అండ్ ఫైనల్ ఇవ్వరని భయం, ఈఎంఐలు ఉన్నవాళ్ళు, అమెరికా వీసా వేసినవాళ్ళు, ఎవర్నీ తప్పు పట్టలేను. తర్వాత ఒక్కొక్కరికీ నోటీసులు రావడం మొదలయ్యాక వాళ్ళే వచ్చారు. పీఎఫ్ కూడా చూసుకోండని అందరికీ చెప్పా, ప్రతి నెలా 15 లోపల కట్టాలి, ఉమాంగ్‌లో పాస్‌బుక్ చూస్తే తెలిసిపోతుంది, మాకు అక్కడా రెండు నెలలు గ్యాప్ ఉంది, దానికి ఈపీఎఫ్ఓ గ్రీవెన్స్ సైటు వేరే ఉంది.

ఈ తిరుగుళ్ళలో నాకు బాగా అనిపించిన మాట ఒకటి చెప్పాలి. మా ఫ్రెండ్స్‌లో పన్ను గురించి మాటొస్తే అందరం గవర్నమెంటునే తిడతాం, మన డబ్బులు దోచుకుంటున్నారు, రోడ్లు చూడు ఎట్లున్నాయో, ప్రైవేటు వాడికిస్తే బాగు చేస్తాడు అని. నా డబ్బు గవర్నమెంటు దాకా పోనే లేదు, మధ్యలో ప్రైవేటు వాడి దగ్గరే ఆగిపోయింది. మా నాన్నకి గుండె నొప్పి వస్తే మదనపల్లె నుంచి తెచ్చి ఇక్కడి గవర్నమెంటు గుండె ఆస్పత్రి జయదేవలో చేర్చాం, అక్కడే స్టెంట్ వేశారు, వార్డులో పక్క బెడ్లమీద అనంతపురం వాళ్ళు, చిత్తూరు వాళ్ళు, రాయచూరు వాళ్ళు, కార్పొరేట్ ఆస్పత్రి బిల్లు చూస్తేనే మళ్ళీ గుండె ఆగిపోయే మనుషులు. అట్లాంటివి నడిచేది పన్నుల మీదే. కేంద్రం వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో వాటా రాష్ట్రాలకి వస్తుంది, పంచే పన్నుల్లో 41 శాతం, అప్పటి 15వ ఫైనాన్స్ కమిషన్ చెప్పిన లెక్క. నా పేస్లిప్‌లో కట్ అయిన 20 వేలలో హెల్త్ అండ్ ఎడ్యుకేషన్ సెస్సు 4 శాతం కూడా కలిసే ఉంది. ఆస్పత్రికీ బడికీ అని నా దగ్గర తీసుకున్న డబ్బుతో వాళ్ళు హోర్డింగులు పెట్టుకున్నారు.

పైగా 2019లో కంపెనీల పన్ను రేటు 22 శాతానికి తగ్గించారు, మినహాయింపులు వదులుకునే కంపెనీలకి. జీతగాడికి పై స్లాబు 30 శాతం అట్లాగే ఉంది. 2023-24లో, అంటే సరిగ్గా మా డబ్బులు మాయమైన ఏడాది, నికర వసూళ్ళలో కంపెనీల నుంచి వచ్చింది 9 లక్షల కోట్ల పైన అయితే వ్యక్తుల నుంచి వచ్చింది 10 లక్షల కోట్ల పైన. పన్ను కట్టడానికి నాకేం బాధ లేదు, సంతోషంగా కడతాను, ఇంకోసారి నాన్నకి ఏమన్నా అయితే ఆ ఆస్పత్రి అక్కడే ఉండాలి. కానీ మా దగ్గర వసూలు చేసే పని కంపెనీలకి అప్పగించినప్పుడు, వాళ్ళు కట్టని నెలే వాళ్ళ తలుపు తట్టాలి. 7వ తారీకు దాటితే, 24క్యూ పడకపోతే సిస్టమ్‌కి తెలుస్తుంది కదా. ఏడాది తర్వాత నోటీసు నాకెందుకు రావాలి, మెసేజ్ ఆ నెలే నాకూ కంపెనీకీ రావాలి. టీడీఎస్ కట్ అయినట్టు పేస్లిప్ పెట్టుకుని 26ఏఎస్ ఖాళీగా ఉన్నవాళ్ళు రిపోర్ట్ చేయడానికి పోర్టల్‌లో ఒక బటన్ పెట్టడం పెద్ద పనా?

ఇప్పుడు పరిస్థితి ఇదీ. టీడీఎస్ వింగ్ నోటీసులు పోయాక కంపెనీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉన్న డబ్బులు కట్టి స్టేట్‌మెంట్ వేసింది, నా 26ఏఎస్‌లో ఆ మూడు లైన్లు వచ్చాయి, ఎఫ్ అని ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఇంకా రాలేదు. ఆఫీసరు మేడమ్ మిగతా డిమాండ్ వసూలు ఆపుతూ రాతపూర్వకంగా ఇచ్చారు, నేను డిసగ్రీ పెట్టినా అడ్జస్ట్ చేసేసిన రిఫండ్‌లో కొంత వెనక్కి వచ్చింది, వడ్డీ భాగం తీసేయమని సెక్షన్ 154 (తప్పు సరిచేసే సెక్షను) కింద ఇచ్చిన అప్లికేషన్ ఆవిడ దగ్గరే ఉంది. గ్రూపులో మిగతావాళ్ళ పేస్లిప్ టేబుళ్ళు నేనూ ఇంకో ఇద్దరం కలిసి తయారు చేస్తున్నాం, బ్యాంక్ స్టేట్‌మెంట్లు పంపనివాళ్ళు ఈ వారంలో పంపండి, వచ్చే సోమవారం అందరివీ ఒకేసారి ఇన్వర్డ్‌లో ఇచ్చేద్దాం.